సంచి దగ్గర గొడవ, ఫ్రిజ్ దగ్గర మౌనం

ప్రశ్న

హనుమకొండ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 39. ఇంట్లో భర్త, అత్తమ్మ, ఇంటర్ చదివే కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఆమె ఇంట్లోనే మిషన్ కుడతారు. అప్పు చేసి మడికొండ వైపు ఇల్లు కట్టుకున్నారు. ఇంకో ఆరు వారాల్లో గృహప్రవేశం. 350 మందికి భోజనాలు.

ఇల్లు కట్టేటప్పుడు రోజూ అటు పోయి వస్తూ ఆమె చెత్త బండ్లను గమనించారు. ఒకరోజు రాంపూర్ దగ్గరి డంపు యార్డులో గుట్టలు చూశారు. "అండ్ల మా ఇంటి కవర్లు కూడా ఉంటయి గదా అనిపించింది. ఆనాటి నుంచి ఏది కొనాలన్నా చెయ్యి ముందుకు పోతలేదు" అని రాశారు.

ఆ ఊపులో ఆన్‌లైన్‌లో ఆరు వేలు పెట్టి వెదురు టూత్ బ్రష్షులు, "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉన్న చెత్త కవర్లు, "ఎకో ఫ్రెండ్లీ" గిన్నెల సబ్బు, డజను నూలు సంచులు కొన్నారు. కవర్ నిజంగా మట్టిలో కలుస్తుందో లేదో చూద్దామని పూలకుండీలో పాతిపెట్టారు. నెలలు గడిచినా అది అట్లనే ఉంది. "ఆరు వేలు మట్టిల పోసినవ్" అన్నారట భర్త.

కూరగాయలు కవర్లో తెస్తే పేచీ. కొడుకు చిప్స్ ప్యాకెట్ తెస్తే పేచీ. భర్త ఇప్పుడు కవర్లను బండి డిక్కీలోనే దాచేస్తున్నారు. ఆడబిడ్డ నలుగురి ముందు "వదినె ఇంటికి పోతే పోలీస్ స్టేషన్‌కు పోయినట్టే" అన్నది. అత్తమ్మ ఏమో "మా కాలంల ఇవన్ని యాడియి? మోదుగాకులు తెచ్చి ఇస్తార్లు కుట్టుకున్నం. ఇప్పుడు నువ్వు కొత్తగ చెప్పొస్తున్నవా?" అంటున్నారు.

కొత్తింటి కోసం భర్త, మరిది కలిసి వెళ్లి 600 లీటర్ల సైడ్ బై సైడ్ ఫ్రిజ్, ఒకటిన్నర టన్ను ఏసీ, అయిదు ఫ్యాన్లు మాట్లాడి వచ్చారు. పాత ఫ్రిజ్ అత్తమ్మ గదిలో పెడతారట. క్యాటరింగ్ వాళ్లు పేపర్ ప్లేట్లు తెస్తామన్నారు. చుట్టాల ఆడవాళ్లకు పెట్టడానికి 60 పెట్టుబడి చీరలు తెద్దామని ఆడబిడ్డ అంటోంది. "నేనొక్కదాన్ని ఇంత కొట్లాడితే ఏమన్న ఫాయిదా ఉందా? ఊకుంటే నా మనసు ఒప్పుకోదు. ఊకోకుంటే ఇల్లు ఒప్పుకోదు. ఏం చెయ్యమంటరు?" ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం

అమ్మా, మీరు పోట్లాడిన వస్తువులను ఒక పక్కన, మీరు మాట్లాడని వస్తువులను ఇంకో పక్కన రాసుకుని మీ ఉత్తరం మళ్లీ చదివాను. మొదటి పక్కన కూరగాయల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, బ్రష్షులు, గిన్నెల సబ్బు చేరాయి. రెండో పక్కన ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్లు, 350 మంది భోజనాలు, 60 చీరలు చేరాయి. భూమికి ఎక్కువ బరువయ్యేవి రెండో పక్కనే ఉన్నాయి. వాటి గురించి మీరు రాసింది నాలుగు ముక్కలు, అవీ "మాట్లాడి వచ్చిండ్రు" అని.

ఇందులో మీ తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఫ్రిజ్, ఏసీ, బండి లాంటివి మగవాళ్లు షోరూంలో తేల్చుకుని వస్తారు. ఉప్పు, పప్పు, సబ్బు, సంచి ఆడవాళ్లకు వదులుతారు. రాంపూర్ గుట్టలు చూశాక మీకు కలిగిన బాధ అంతా మీ చేతికి అందే ఆ చిన్న వస్తువుల మీదే పడింది. రోజూ గొడవ అవుతున్నా ఫలితం కంటికి ఆనకపోవడానికి కారణం ఇదే. పెద్ద కొనుగోళ్లలో మీకు మాట లేకపోవడం దగ్గరే అసలు చిక్కు ఉందని నాకనిపిస్తోంది.

ఫ్యాన్ల లెక్క చూడండి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే మామూలు సీలింగ్ ఫ్యాన్ 50 వాట్ల దాకా తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద 72 యూనిట్లు తేడా. అయిదు ఫ్యాన్లకు 360 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 2,880 రూపాయలు. మీ ఆయన మట్టిలో పోశారన్న ఆరు వేలు రెండేళ్లు కొంచెం దాటేసరికి ఫ్యాన్లే తిరిగి ఇస్తాయి. ఫ్యాన్‌కు వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ ఎక్కువ డబ్బు కూడా రెండేళ్లకు కొంచెం అటూ ఇటూగా వచ్చేస్తుంది.

పర్యావరణం వైపు నుంచి చూస్తే మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ వెనక సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 360 యూనిట్లంటే ఏటా 250 కిలోలకు పైనే. మన దగ్గర ఇది పుస్తకాల్లో చదువుకునే సంగతి కూడా కాదు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, రామగుండంలో ఎన్టీపీసీ ఉంది, సింగరేణి బొగ్గు ఉంది. మనింట్లో స్విచ్ వేస్తే తవ్వేదీ మండేదీ మన పక్క జిల్లాల్లోనే. కవర్ల మీద మీరు పెట్టిన శ్రద్ధలో సగం ఈ అయిదు ఫ్యాన్ల మీద పెడితే ఎంత మిగిలేదో చూశారు గదా.

ఇక ఫ్రిజ్. అందరూ స్టార్లు లెక్కపెట్టి కొంటారు, లేబుల్ మీద ఉండే ఇంకో అంకెను చదవరు. ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందో అక్కడే రాసి ఉంటుంది. స్టార్లు ఆ సైజు ఫ్రిజ్‌ల మధ్య పోలిక కోసం ఇచ్చినవి. ఎక్కువ స్టార్లున్న పెద్ద ఫ్రిజ్, తక్కువ స్టార్లున్న చిన్న ఫ్రిజ్ కంటే ఎక్కువ కరెంటు తాగొచ్చు. ఫ్రిజ్ రాత్రీ పగలూ ఆగదు కాబట్టి ఆ అంకె పూర్తిగా మీ బిల్లులోకి వస్తుంది. అయిదుగురికి 250 నుంచి 300 లీటర్లు సరిపోతుంది. 600 లీటర్లు కొంటే అందులో ఖాళీ చోటును కూడా పదిహేనేళ్లు చల్లబరుస్తూ కూర్చోవాలి, ఖాళీ ఉంది కదా అని నిన్నటి కూర, మొన్నటి పప్పు చేరి చివరికి చెత్త బుట్టకే పోతాయి.

దాని వెంటే పాత ఫ్రిజ్ సంగతి. అత్తమ్మ గదిలో అది కూడా నడిస్తే ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు, కొత్తది ఎంత మంచిదైనా మిగులు ఉండదు. వదిలించుకునేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పాత కాలపు చాలా ఫ్రిజ్‌లలో ఆర్-134ఏ అనే గ్యాస్ ఉంటుంది. అది గాలిలో కలిస్తే వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లకు పైగా బలమైనది. పాత సామాన్లవాళ్లు రాగి కోసం పైపు కోసేస్తే అదంతా ఒక్క నిమిషంలో బయటికి పోతుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత వస్తువులు రిజిస్టరైన రీసైక్లర్లకు చేరేలా చూడాల్సింది తయారీ కంపెనీలే. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు "ఇది ఎవరికి పంపుతారు?" అని దుకాణంలో అడగండి. రశీదు మీద రాయించుకోండి. కొత్త ఫ్రిజ్ ఏదైనా వెనక ప్లేటు మీద ఆర్-600ఏ అని ఉంటే గ్యాస్ వైపు నుంచి నిశ్చింతగా ఉండొచ్చు.

ఏసీ విషయంలో నా మాట మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. 5 స్టారే కొనాలని నేను పట్టుబట్టను. లేబుల్ మీది యూనిట్లు ఏడాదికి 1,600 గంటలు నడిస్తే అనే లెక్కతో వేసినవి. ఒకటిన్నర టన్ను ఏసీల్లో 3 స్టార్‌కూ 5 స్టార్‌కూ తేడా ఆ లెక్కన సుమారు 200 యూనిట్లు. వేసవి రెండు నెలలు రాత్రిపూట మాత్రమే వేస్తామంటే 500 గంటలు కూడా కాదు, తేడా 60 యూనిట్లకు పడిపోతుంది. అప్పుడు ఎక్కువ పెట్టే ఆ డబ్బును ఫ్యాన్లకు, పడమటి కిటికీకి మందపాటి కర్టెన్లకు మళ్లించడం మేలు. కూతురు చదువుకుంటూ పగలంతా వేసే ఇల్లయితే 5 స్టారే తీసుకోండి. ఏది కొన్నా ఆర్-32 లేదా ఆర్-290 గ్యాస్ ఉన్నదే చూడండి, పాత ఆర్-410ఏ వద్దు. 24 డిగ్రీల దగ్గర పెట్టి పక్కన ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా ఆదా అవుతుందని స్టార్ లేబుళ్లిచ్చే ఇంధన సామర్థ్య సంస్థే చెబుతోంది. లేబుల్ మీద ఏ సంవత్సరానిదో కూడా ఉంటుంది. ప్రమాణాలు మధ్యమధ్య కఠినమవుతాయి కాబట్టి పాత స్టాకులోని 5 స్టార్, కొత్త లెక్కలో 5 స్టార్ కాకపోవచ్చు.

ఇవన్నీ తెలిసినా మీ ఆయనతో ఎలా మాట్లాడాలన్నదే మీ బాధ అని నాకు తెలుసు. మీ ముందు మూడు దార్లున్నాయి.

ఇప్పటిలాగే అన్నిటి మీదా పట్టుబట్టొచ్చు. దాని ఫలితం మీరు చూస్తూనే ఉన్నారు, కవర్లు ఇంట్లోంచి డిక్కీలోకి మారాయి. ఇంకొన్నాళ్లు పోతే పిల్లలు కూడా మీ ముందు ఒకటి, వెనక ఒకటి అలవాటు చేసుకుంటారు. నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు కలిగించేది అదే. లేదంటే అన్నీ వదిలేయొచ్చు. ఇల్లు చల్లబడుతుంది, కానీ ఈ ఆరు వారాల్లో కొన్నవి పది, పదిహేనేళ్లు మీ ఇంట్లోనే ఉంటాయి, ప్రతి నెలా బిల్లు చూసినప్పుడల్లా మీ మనసు మిమ్మల్ని అడుగుతుంది.

మూడో దారిలో కొంత ఇచ్చి కొంత పుచ్చుకోవాలి. "కవర్ల గురించి ఇక అడగను, షోరూంకు మాత్రం నన్ను తీసుకపో" అని చెప్పండి. అంతకుముందే ఒక మధ్యాహ్నం కూతురిని వెంటబెట్టుకుని హనుమకొండలో రెండు దుకాణాలు తిరిగి, ఒక్కో మోడల్ ధర, ఏడాది యూనిట్లు నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటర్ చదివే పిల్ల ఆ కూడికలు ఇట్టే చేస్తుంది. ఇంటి అప్పు కడుతున్న మనిషి ముందు చెత్త గుట్టల మాట కంటే నెల బిల్లు మాటకు విలువ ఎక్కువ. ఇందులో నష్టం కూడా ఉంది, దాచను. కొంతకాలం కవర్లు మీ కళ్ల ముందే ఇంట్లోకి వస్తాయి, మీరు ఓడిపోయారని ఆడబిడ్డ అనుకోవచ్చు. దాన్ని భరించగలరా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ స్థానంలో నా సొంత చెల్లెలు ఉంటే ఈ దారే పట్టమంటాను.

విస్తర్ల దగ్గర మీకు ఇంట్లోనే ఒక తోడుంది, మీరు గుర్తించలేదు. అత్తమ్మ మాటను మీరు దెప్పుపొడుపుగా తీసుకున్నారు. నాకు అందులో ఒక పనితనం ఉన్న మనిషి కనిపించింది. "అత్తమ్మా, మోదుగాకు ఇస్తార్లు ఇప్పుడు ఎవరు కుడుతున్నరు? మీరు చూసి చెప్పాలె" అని అడగండి. ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్లలో ఆకు కోసి కుట్టే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చేతికి డబ్బు చేరుతుంది, తిన్నాక ఆకు ఎరువవుతుంది. బజార్లో దొరికే మిషన్ విస్తర్లను తిరగేసి చూడండి, కొన్నిటికి ఆకు కింద అట్ట, మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. పేపర్ ప్లేట్ మెరుస్తోందంటే అదీ పొరే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ నిషేధంలో ఉన్నాయి, ఆ సంగతి క్యాటరింగ్ వాళ్లకు చెప్పడానికి మీరు మొహమాటపడాల్సిన పని లేదు. ఆకులు అన్ని దొరక్కపోతే టెంట్ హౌస్ నుంచి స్టీలు పళ్లేలు అద్దెకు తెచ్చుకోవచ్చు, కడిగేవాళ్ల కూలి, నీళ్లు చూసుకోవాలి. టీకి పేపర్ కప్పులు మాత్రం వద్దు. వాటి లోపలి పొర సంగతి ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో తేల్చారు: 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు అందులో ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కలుస్తాయి. నీళ్లకు చిన్న సీసాల బదులు క్యాన్లు, స్టీలు గ్లాసులు.

పెట్టుబడి చీరల గురించి మనం ఆడవాళ్లం మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఆ చీరలు ఎవరూ కట్టరు. ఒక ఇంట్లో పెట్టింది ఇంకో ఇంట్లో పెట్టడానికి బీరువాలో దాస్తాం. చివరికి ఎవరికీ అక్కర్లేక ఎక్కడో ఒకచోట చెత్తలో తేలుతుంది. ఎక్కువగా అవి పాలిస్టర్. ముడి చమురు నుంచి తీసిన దారం, మట్టిలో కుళ్లదు, ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది. 60 చీరలకు పెట్టే డబ్బు చిన్నదేమీ కాదు, అది అప్పులో ఉన్న ఇంటి డబ్బు.

కానీ ఇక్కడ "వద్దు" అని మీరే కొట్టేస్తే ఆడబిడ్డకు మాట పోయినట్టవుతుంది, పుట్టింటి శుభకార్యంలో తనకున్న హక్కు అది. "నీకు తెలిసిన పది మంది దగ్గరివాళ్లెవరో చెప్పు, వాళ్లకు కట్టుకునేంత మంచి నూలు చీరలు నువ్వే ఎంచు" అని ఆమెకే అప్పజెప్పండి. మిగతావాళ్లకు బొట్టుపెట్టి, పసుపు కుంకుమతో సకినాలు ఇవ్వండి, తింటే అయిపోతాయి. ఇంట్లో ఉండిపోయే వస్తువే కావాలంటే వరంగల్ కొత్తవాడలో నేసే చిన్న దర్రీలు, అంటే నేల మీద పరుచుకునే నూలు తివాచీలు చూడండి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూజకు కూర్చోవడానికి, పిల్లలు చదువుకోవడానికి పనికొస్తాయి. దీనివల్ల కొందరు చుట్టాలు "చీర కూడా పెట్టలే" అంటారు. ఆ మాట మీ మీదకు రాకుండా ఆడబిడ్డ నిలబడాలంటే నిర్ణయం ఆమె చేతి మీదుగానే జరగాలి.

గుడ్డ సంచులు మాత్రం అందరికీ పంచొద్దు. మీరే ఇప్పటికి డజను కొన్నారు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, వాతావరణం మీద పడే భారంలో ఒక నూలు సంచి పలుచని ప్లాస్టిక్ కవర్‌తో సమానం కావాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీళ్లు, ఎరువు, పురుగు మందు ఎంత పడుతుందో ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఉన్నవాటిలో రెండు బండి డిక్కీలో, ఒకటి మీ ఆయన ఆఫీసు బ్యాగులో పెట్టండి, ఏమీ అనకండి. కొత్తవి కావాలంటే మీ మిషన్ దగ్గర మిగిలే ముక్కలున్నాయి.

ఆరు వేల సంగతి. మీరు మోసపోయింది తెలివితక్కువతనం వల్ల కాదు, ఆ కవర్ల మీద అట్లా రాయడం వల్ల. "బయోడిగ్రేడబుల్" అన్న మాటొక్కటే ఉంటే దానికి విలువ లేదు. కొన్ని ముక్కలై కంటికి కనిపించకుండా పోతాయి, అంతే. "కంపోస్టబుల్" అని కాలుష్య నియంత్రణ బోర్డు సర్టిఫికెట్ నంబరు ముద్రించినవి కూడా వేడి, తేమ కుదిరిన కంపోస్టు కేంద్రంలో కలవడానికి చేసినవే, పూలకుండీలో అవి కలవకపోతే వింత లేదు. మట్టికుండ బొమ్మ ఉండే ఎకోమార్క్ 1991 నుంచి ఉంది, 2024లో దానికి కొత్త నియమాలు వచ్చాయి, దుకాణాల్లో అరుదుగానే కనిపిస్తుంది కానీ కనిపిస్తే నమ్మదగిన గుర్తు. "గ్రీన్", "ఎకో" అని ఆధారం లేకుండా ప్రకటించడాన్ని తప్పుదారి పట్టించడంగా చూస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్యాకెట్ ఫొటో, బిల్లు ఉంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు వస్తుందని నేను హామీ ఇవ్వలేను, అయినా ఫిర్యాదు నమోదు కావడం అవసరం. మిగిలిన కవర్లు, బ్రష్షులు పడేయకండి, వాడేయండి.

"నేనొక్కదాన్నే" అన్న ప్రశ్నకు నిజం చెబుతాను. మీరేం చేసినా రాంపూర్ గుట్ట తగ్గదు. ప్లాస్టిక్ చుట్టి అమ్మినవాళ్లే దాన్ని వెనక్కి సేకరించాలని చట్టమే చెబుతోంది, ఆ బాధ్యతను కూడా మీ నెత్తిన ఎత్తుకోవద్దు. ఫ్యాన్ల మీద మిగిలే ఏడాదికి 360 యూనిట్లు మాత్రం మీ చేతిలోనివి. తడి చెత్త వేరుచేసి కొత్తింటి పెరట్లో గుంత తీసుకోవడం కూడా మీ చేతిలోదే. కొడుకు చిప్స్ ప్యాకెట్‌ను ఇప్పటికి వదిలేయండి.

ఈ వారమే ఫ్రిజ్‌కు అడ్వాన్స్ ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. ఇవ్వకపోతే ఆదివారం షోరూంకు అందరూ కలిసి వెళ్లండి. ఇచ్చేసి ఉంటే రశీదు పట్టుకుని వెళ్లి, డెలివరీ కాలేదు కాబట్టి అదే డబ్బులో చిన్న మోడల్‌కు మార్చి, మిగిలింది ఫ్యాన్లలో సర్దమని అడగండి. దుకాణం ఒప్పుకోకపోతే ఫ్రిజ్ దగ్గర ఆగిపోకండి. ఫ్యాన్లు, ఏసీ, పాత ఫ్రిజ్‌ను సరైన చోటికి పంపడం ఇంకా మిగిలే ఉంటాయి.